కామెడీ ఛానెల్ పెడతావా, అయితే ముందు మీ అమ్మ మాట్లాడేది విను

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, డిగ్రీ సెకండియర్ వాడు, అన్నా యూట్యూబ్‌లో కామెడీ ఛానెల్ పెడుతున్నా ఏ కెమెరా కొనమంటావ్ అని. ఏం తీస్తావ్ రా అన్నా. కామెడీ అన్నాడు. ఏం కామెడీ అన్నా. కామెడీయే అన్నా, మామూలు కామెడీ, అన్నాడు. ఇక వాడికి గంటన్నర ఫోన్లో చెప్పిందంతా ఇక్కడ రాసేస్తున్నా, ఎందుకంటే ఈ మధ్య ఇదే ప్రశ్న నన్ను నెలకి నలుగురు అడుగుతున్నారు, అడిగినవాళ్ళందరూ కెమెరా దగ్గరే మొదలెడుతున్నారు. నాది పెద్ద ఛానెలేం కాదు, ముందే చెప్తున్నా. సగం తిండి దాని మీద, మిగతా సగం పెళ్ళి వీడియోల ఎడిటింగ్ మీద. కానీ చేయకూడనివన్నీ చేసి చూసినవాణ్ణి, ఆ ఉపయోగం నీకు ఉంటుంది.

కెమెరా కొనకు. నీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. భువన్ బామ్ అనే ఢిల్లీ కుర్రాడు, రెస్టారెంట్లలో పాటలు పాడుకునేవాడు, 2015లో బీబీ కి వైన్స్ మొదలెట్టినప్పుడు ఫోన్‌కి ముందువైపున్న కెమెరాతోనే అమ్మా వాడే, నాన్నా వాడే, ఫ్రెండూ వాడే, మామా వాడే అయి మాట్లాడాడు. 2018కి కోటి మంది సబ్‌స్క్రైబర్లు దాటాడు, ఒక్కడే నడిపే ఛానెల్ ఆ అంకె దాటడం మన దేశంలో అదే మొదటిసారి. మెడలో తువ్వాలేస్తే ఒకడు, తీస్తే ఇంకొకడు, సెట్ ఖర్చు అంతే. మన దగ్గర చూసుకుంటే మై విలేజ్ షో, 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ జగిత్యాల దగ్గర లంబాడిపల్లిలో మొదలెట్టింది, ఆ ఊరే సెట్టు, ఊళ్ళోవాళ్ళే ఆర్టిస్టులు. గంగవ్వ పొలం పనులు చేసుకునే మనిషి, యాక్టింగ్ ఎక్కడా నేర్చుకోలేదు, 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్ళే టైమ్‌కి రెండు రాష్ట్రాల్లో ఆవిడ గొంతు తెలియని ఇల్లు లేదు. ఆవిడ మాటని మనం కెమెరా క్వాలిటీ కోసం చూశామా చెప్పు.

సరే మరి ఏం కావాలి అంటే, చెవి కావాలి. పదిహేను రోజులు ఏమీ తీయకు. ఫోన్లో నోట్స్ తెరిచి ఇంట్లో, బస్సులో, టీ కొట్టు దగ్గర, చుట్టాల ఫంక్షన్లో ఎవరేం మాట్లాడారో అన్నది అన్నట్టు రాసుకో. అర్థం రాయకు, మాట రాయి. "అమ్మ నా ఫోన్ గురించి తిట్టింది" అని రాస్తే అందులో ఏం లేదు. "ఆ ఫోన్లో ఏముందో గానీ అన్నం కూడా దాన్నే పెట్టమను" అని రాస్తే అది డైలాగు. మన ఇళ్ళల్లో మాటలు వాటంతట అవే సగం రాసేసి ఉంటాయి, మనం చేసేది కాస్త సర్దడమే.

మా ఇంటి సంగతే చెప్తా. మా నాన్న గ్యాస్ బండ మార్చిన ప్రతిసారీ గోడ క్యాలెండర్ మీద తేదీ దగ్గర చిన్న సున్నా చుడతాడు. కిందటి బండ 41 రోజులొచ్చింది, ఈసారి 33 రోజులకే అయిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎంక్వయిరీ. నేను రాత్రి ఒంటిగంటకి మ్యాగీ చేసుకున్నానని నా మీద, స్నానానికి నీళ్ళు కాచుకుంటున్నాడని మా తమ్ముడి మీద, వాళ్ళ అన్నయ్య వాళ్ళొచ్చినప్పుడు రెండ్రోజులు పిండివంటలు చేసిందని అమ్మ మీద. నేను కామెడీ చేద్దామని అప్పటికి రెండేళ్ళుగా ఆఫీస్ బాస్ మీద, గర్ల్‌ఫ్రెండ్ మీద స్కిట్లు తీస్తున్నా. నాకు ఆఫీసూ లేదు, గర్ల్‌ఫ్రెండూ లేదు. వీడియోకి మూడొందల వ్యూస్. ఈ బండ గొడవ తీసి పెట్టాక మొదటిసారి ఊళ్ళో తెలియనివాళ్ళు ఆపి "మా ఇంట్లో కూడా సున్నాలు చుడతారు" అన్నారు.

ఇప్పుడు దాన్ని స్క్రిప్ట్ ఎలా చేయాలో చూడు, ఇదే అసలు పని, దీనికి ఎక్కువ టైమ్ పెట్టు. గొడవ ఉంటే సరిపోదు, ఎవరికో ఏదో కావాలి, అది అడ్డం తిరగాలి. ఇక్కడ నాన్నకి దొంగ కావాలి. ముగ్గురు అనుమానితులు, ఒక్కొక్కరిని అడిగేకొద్దీ కేసు పెద్దదవ్వాలి, మొదటివాడి దగ్గర మామూలుగా అడుగుతాడు, రెండోవాడి దగ్గర క్యాలెండర్ గోడ మీంచి తీసి చేత్తో పట్టుకుంటాడు, మూడోసారి అమ్మని అడగబోతూ కుర్చీలోంచి లేచి నుంచుంటాడు. ఆఖర్న తిరగబడాలి. నిజంగా మా ఇంట్లో జరిగింది రాసినదానికంటే బావుంది, అమ్మ క్యాలెండర్ చూసి "ఆ సున్నా నేను చుట్టా, పాలబ్బాయికి డబ్బులిచ్చిన రోజు" అంది. కేసు కొట్టేశారు. ముగింపు ఎప్పుడూ ముందే అక్కడ కనబడుతూ ఉన్న వస్తువులోంచి రావాలి, పైనుంచి ఊడిపడకూడదు. చివర్లో ఎవడో ఒకడు కింద పడిపోవడం, చెంప మీద కొట్టడం పెట్టి ముగించావంటే నీకు ముగింపు దొరకలేదని చూసేవాడికి తెలిసిపోతుంది.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. తెలుగులో మాట వరస ఎటైనా తిప్పుకోవచ్చు, ఆ వెసులుబాటు వాడుకో. "ఆ ఎనిమిది రోజుల గ్యాస్ ఎవరు తిన్నారు" అంటే అది ప్రశ్న. "ఎనిమిది రోజులు. తిన్నదెవరు?" అంటే నవ్వొస్తుంది. నవ్వించే మాట వాక్యం మధ్యలో ఇరుక్కుంటే చచ్చిపోతుంది, దాన్ని చివరికి తోసెయ్, దాని తర్వాత ఇంకో మాట ఉండకూడదు. మామూలుగా క్రియతో ముగించే వాక్యాన్ని క్రియ దాటించి కూడా పొడిగించొచ్చు, "తినేశాడండి, మొత్తం, ఆఖరికి కరివేపాకు కూడా". కరివేపాకు ముందు చెప్పి తినేశాడు తర్వాత చెప్తే ఏముంటుంది అందులో. రాశాక పైకి చదువు, ఫోన్లో టైమర్ పెట్టు, నాలుగు నిమిషాలొస్తే రెండున్నరకి కొయ్యి. కొయ్యడానికి మనసొప్పదు, ఒప్పించు.

యాస గురించి ఒక్క మాట. నీకు వచ్చిన యాసలోనే రాయి. మాది తణుకు వైపు, నేను కరీంనగర్ యాస కొడితే కరీంనగర్ వాళ్ళకి కంపరం పుడుతుంది, వాళ్ళు ఆయ్ ఆయ్ అని మమ్మల్ని వెక్కిరిస్తే మాకూ అంతే. మా వైపు ప్రతి వాక్యానికీ ఆయ్ అనం బాబూ. శ్రీకాకుళం అయితే శ్రీకాకుళం, చిత్తూరు అయితే చిత్తూరు, నీ నోట్లో ఏది సహజంగా ఉందో అది. వేరే యాస క్యారెక్టర్ కావాలంటే ఆ ఊరి ఫ్రెండ్‌ని పిలిచి చేయించు.

షూటింగ్‌లో ముందు సౌండ్. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే రెండో సెకనులో పైకి తోసేస్తారు. కొన్ని వందల రూపాయల్లో వైరున్న కాలర్ మైక్ వస్తుంది, అది కొను, నువ్వు ముందు ఖర్చు పెట్టాల్సింది దాని మీదే. ఫ్యాన్ ఆపు. ఫ్రిజ్ హమ్మింగ్ వస్తుంటే అది కూడా కాసేపు ఆపు, మళ్ళీ వెయ్యడం మర్చిపోకు, మా అమ్మ పెరుగు పాడైపోయి ఆ రోజు షూటింగే ఆగిపోయింది. ఖాళీ గదిలో మాట గుయ్యిమంటుంది, కెమెరాలో పడని వైపు దుప్పట్లు ఆరేయి, పరుపు గోడకి నిలబెట్టు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, లేకపోతే బెస్ట్ టేక్ మధ్యలోనే లోన్ కావాలా సార్ అని ఫోన్ వస్తుంది, గ్యారంటీ. వెలుతురికి రింగ్ లైట్ అక్కర్లేదు, పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు కిటికీకి ఎదురుగా కూచో. ట్రైపాడ్ లేకపోతే బియ్యం డబ్బా మీద పుస్తకాలు పేర్చు. వెనక కెమెరాతో, 1080లో తియ్యి, అంతకుమించి తీస్తే ఫోన్ నిండిపోవడం, ఎడిటింగ్‌లో ఆగిపోవడం తప్ప లాభం లేదు.

ఒక్కడివే అన్ని పాత్రలూ వేస్తుంటే నాన్న డైలాగులన్నీ ఒకేసారి తీసెయ్, తర్వాత చొక్కా మార్చి తమ్ముడివి. నాన్న ఎడమవైపు చూసి మాట్లాడితే తమ్ముడు కుడివైపు చూడాలి, చూపు కలవడానికి అక్కడో చీపురుకట్ట నిలబెట్టి దాని తలకి చూస్తూ మాట్లాడు. పక్కింటివాళ్ళు చూస్తే చూడనీ, మొదటి నెల సిగ్గుపడతావ్, రెండో నెల వాళ్ళకే అలవాటవుతుంది. ఇంకా ముఖ్యం, ఒక్కొక్క పాత్రకీ డైలాగ్ లేకుండా ఊరికే వింటున్న ముఖం అర నిమిషం తీసిపెట్టుకో. నవ్వు, మాట అన్నవాడి ముఖంలో కంటే విన్నవాడి ముఖంలో ఎక్కువుంటుంది. నేను మొదటి ఏడాది ఇది తెలియక అన్నీ మాట్లాడే ముఖాలే కట్ చేసి పెట్టా, చూస్తే వార్తలు చదువుతున్నట్టు ఉంటాయి.

ఎడిటింగ్‌కి ఇన్‌షాట్, వీఎన్, కైన్‌మాస్టర్ ఏదైనా ఒకటి పట్టుకుని అదే వాడు, ల్యాప్‌టాప్ ఉంటే డావిన్చి రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ ఉంది. హాయ్ ఫ్రెండ్స్ వెల్‌కమ్ టు మై ఛానెల్ తీసెయ్, లోగో తిరగడం తీసెయ్, గొడవ మధ్యలోంచి మొదలెట్టు, "ముప్ఫై మూడు రోజులు" అని నాన్న అరిచే చోట. వెనకాల నవ్వుల సౌండ్ వెయ్యకు.

సినిమా క్లిప్పులు, పాటలు జోలికి పోకు. ఇది నాకు దెబ్బ తగిలిన చోటు. నాది కాస్త బాగా ఆడిన వీడియోలో ఒక హిట్ పాట పన్నెండు సెకన్లు వాడా, అంతే, క్లెయిమ్ పడింది, దాని మీద వచ్చే డబ్బంతా పాట హక్కులున్నవాళ్ళకి వెళ్ళింది. క్లెయిమ్ అంటే చాలాసార్లు అంత వరకే, వీడియో ఉంటుంది, డబ్బు పోతుంది. స్ట్రైక్ వేరు, హక్కుదారు ఫిర్యాదు చేసి వీడియో తీయించేయడం, అవి 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే ఎగిరిపోతుంది. పది సెకన్ల లోపైతే పర్లేదు అని ఎవడో చెప్తాడు, అలాంటి రూలే లేదు. యూట్యూబ్ స్టూడియోలోనే ఆడియో లైబ్రరీ ఉంది, ఫ్రీ మ్యూజిక్, అందులోంచి తీసుకో. లేదా ఇంట్లో గిన్నెలు కొట్టి రికార్డ్ చేసుకో, అవి మీ అమ్మవి, కాపీరైట్ గొడవ ఇంట్లోనే తేలిపోతుంది.

వారానికొకటి పెట్టు, చాలు. రోజుకొకటి పెట్టమని చెప్పేవాళ్ళు కామెడీ రాసినవాళ్ళు కాదు. షార్ట్స్ ఇప్పుడు మూడు నిమిషాల దాకా పెట్టొచ్చు, 2024 అక్టోబర్ నుంచి. కొత్తవాళ్ళని తెచ్చేది షార్ట్, నీతో ఉండేవాళ్ళని తెచ్చేది పెద్ద వీడియో, రెండూ కావాలి. టైటిల్ తెలుగులో ఇంట్లో మాట్లాడుకున్నట్టు పెట్టు. థంబ్‌నైల్, అంటే వీడియో తెరవకముందు కనబడే బొమ్మ, దాని మీద నోరు తెరిచిన ముఖం, ఎర్ర బాణం ఇక చాలు, అందరూ అలసిపోయారు. క్యాలెండర్ మీద సున్నా ఒక్కటి పెట్టా నేను, అదే క్లిక్ అయింది.

ఇక డబ్బు, నువ్వు మొదట అడగాలనుకుని మొహమాటపడి కెమెరా గురించి అడిగావ్. యాడ్స్ డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4000 గంటల వాచ్ టైమ్ గానీ 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ. పెద్ద వీడియో యాడ్స్‌లో 55 శాతం నీకు, షార్ట్స్‌లో నీ వంతుకి వచ్చినదాంట్లో 45 శాతం. ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో కూడా యాడ్ పెట్టుకోవచ్చు, అందుకని రెండున్నర నిమిషాల కామెడీని ఎనిమిదికి సాగదీశావంటే యాడ్ వచ్చేలోపు మనిషి వెళ్ళిపోతాడు. పది డాలర్లు చేరాక యాడ్‌సెన్స్ వాళ్ళు, అంటే యాడ్స్ డబ్బు పంపే గూగుల్ వాళ్ళు, ఇంటికి పోస్ట్‌లో పిన్ పంపుతారు, అడ్రస్ ఆధార్‌లో ఉన్నట్టే రాయి, ల్యాండ్‌మార్క్ రాయి, పోస్ట్‌మ్యాన్‌కి ముందే చెప్పి ఉంచు. నాది రెండుసార్లు పోయింది, మూడోసారి మా వీధి చివర కిరాణా కొట్టులో పప్పుల డబ్బా కింద దొరికింది. వంద డాలర్లు దాటితేనే బ్యాంకులో పడుతుంది, నెలలో 21 నుంచి 26 మధ్య పంపుతారు. నాకు ఆ మొదటి వంద కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

అమెరికా పన్ను ఫామ్ ఒకటి అడుగుతారు, భయపడకు, పాన్ నంబర్ ఇచ్చి నింపు. నింపితే అక్కడ చూసినవాళ్ళ వల్ల వచ్చిన ముక్క మీదే కోత, నింపకపోతే మొత్తం సంపాదన మీద 24 శాతం దాకా కోసేయొచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు చూస్తే ఒక్కో వ్యూకి వచ్చేది ఇక్కడికంటే బాగా ఎక్కువ, ఎందుకంటే అక్కడి యాడ్స్ రేటు అది. అందుకని అమెరికా కోసం స్క్రిప్ట్ రాయకు మళ్ళీ. వాళ్ళు చూసేదే ఇక్కడి గ్యాస్ బండ కోసం, అక్కడ బండ లేదు కదా పాపం.

నిజానికి యాడ్స్ కంటే ప్రమోషన్లలో డబ్బెక్కువ, చిక్కులు కూడా అక్కడే. డబ్బు తీసుకున్నా, ఫ్రీగా వస్తువు తీసుకున్నా వీడియోలో కనబడేలా ప్రమోషన్ అని చెప్పాలి, 2021లో యాడ్స్ రంగం వాళ్ళ సొంత సంస్థ ఏఎస్‌సీఐ రూల్స్ పెట్టింది, 2023 జనవరిలో కేంద్రం కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకే కంపెనీ ఏడాదిలో ఇచ్చిన ఫ్రీ సామాను 20,000 దాటితే దాని మీద కూడా 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, ఉంటుంది, 2022 జూలై నుంచి. ఫోన్ ఫ్రీగా వచ్చిందని మురిసిపోతే పన్ను నువ్వు కట్టుకోవాలి. అడ్వాన్స్ లేకుండా షూట్ చెయ్యకు, ఒక బట్టల కొట్టాయన వీడియో బావుంది బాబూ అని రెండు చొక్కాలు చేతిలో పెట్టి పంపించాడు నన్ను, ఒకటి సైజు కూడా కాదు.

బెట్టింగ్ యాప్ వాళ్ళు వస్తారు. చిన్న ఛానెల్‌కే ముందు వస్తారు, నువ్వు నెలంతా సంపాదించేది ఒక్క వీడియోకి ఇస్తామంటారు. వద్దు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద వరసగా కేసులు పడ్డది దీనికే, ఆ ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లనీ వాటి ప్రకటనలనీ ఆపేస్తూ పార్లమెంటు చట్టమే చేసింది. కేసు సంగతి పక్కన పెట్టు, మా వీధిలో ఒకడు వాళ్ళ నాన్న ట్రాక్టర్ అమ్మించాడు ఆ యాప్ మూలంగా. ఆ యాప్ గురించి వాడు ఎవరి వీడియోలో చూశాడో నేను అడగలేదు, అడగడానికి భయమేసింది.

దేని మీద జోకు వెయ్యాలి అనేదానికి నా లెక్క ఒకటే, ఆ వీడియో ఆ మనిషి పక్కన కూచుని చూపించగలవా. పిల్లల మీద అసలు వద్దు. 2024 జూలైలో ఒక తండ్రీ కూతుళ్ళ వీడియో మీద రోస్ట్ పేరుతో నోటికొచ్చింది మాట్లాడిన తెలుగు యూట్యూబర్ పోక్సో కేసులో అరెస్టయ్యాడు, డార్క్ కామెడీ అంటే పోలీసులు నవ్వలేదు, నాకూ నవ్వు రాలేదు. ఇంట్లోవాళ్ళ మీద చేసేటప్పుడు కూడా అడిగి చెయ్యి. నేను మా అమ్మని అడక్కుండా ఆవిడ దేవుడి దగ్గర మా నాన్న మీద కంప్లయింట్ చేస్తుంటే దొంగతనంగా తీసి పెట్టేశా, నాకు అప్పటిదాకా రానన్ని వ్యూస్ వచ్చాయి, అమ్మ నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు, గుడికి వెళ్తే ఎవరో ఆ డైలాగే అన్నారట. తీసేశా. ఇప్పుడు అప్‌లోడ్ చేసేముందు ఆవిడకి చూపిస్తా, ఆవిడ ఒకట్రెండు చోట్ల కొట్టేస్తుంది, నిజం చెప్పాలంటే కొట్టేసిన చోట్ల ఎక్కువసార్లు ఆవిడే కరెక్ట్.

కామెంట్లు రాత్రి పడుకునేముందు చదవకు. పొద్దున్న టిఫిన్ తిన్నాక చదువు. ఆడపిల్లలు ఈ పని చేస్తే వచ్చే చెత్త మాకు వచ్చేదానికి పదింతలు, మహాతల్లి ఛానెల్ జాహ్నవి లాంటివాళ్ళు అన్నేళ్ళు ఇక్కడ నిలబడటం నాకు అందుకే గొప్పగా కనిపిస్తుంది. చెల్లెళ్ళెవరైనా చదువుతుంటే, స్టూడియోలో బ్లాక్ చేసే పదాల లిస్ట్ ఉంటుంది, మన బూతులు తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు రకాలుగా అందులో వేసుకోండి, సగం చెత్త కంటికే కనబడదు.

ఒక్క యాప్‌నే నమ్ముకోకు. 2020 జూన్ 29న టిక్‌టాక్ బ్యాన్ అన్నారు, నా ఫ్రెండ్‌కి అందులో లక్షల మంది ఉండేవాళ్ళు, రాత్రికి రాత్రి ఒక్కడు కూడా లేడు, వీడియోలు కూడా వాడి దగ్గర సేవ్ చేసి లేవు. కాబట్టి ఒరిజినల్ ఫైల్స్ హార్డ్ డిస్క్‌లో పెట్టుకో, ఇన్‌స్టాలో కూడా పెట్టు. డిగ్రీ మానకు. సినిమాల్లోకి వెళ్దామని ఉంటే దారి ఉంది, వైవా హర్ష, సుహాస్, మౌళి వీళ్ళంతా ఇంటర్నెట్ వీడియోల్లోంచి వెళ్ళినవాళ్ళే, కానీ మంచి పాత్ర దొరకడానికి చాలామందికి ఏళ్ళు పడతాయి, అవి మనకి కనబడవు. పెళ్ళి సంబంధాల్లో అబ్బాయి ఏం చేస్తాడంటే మాత్రం మా నాన్న ఇప్పటికీ ఎడిటింగ్ అనే చెప్తాడు, దేని ఎడిటింగ్ అని ఎవరూ అడగరు.

ఇదంతా చెప్పి పదిహేను రోజులు నోట్స్ రాయి, తర్వాత ఫోన్ చెయ్ అని పెట్టేశా. వాడు చెయ్యలేదు. పన్నెండో రోజు మా పిన్ని చేసింది. "ఒరేయ్, మావాడు ఈ మధ్య తేడాగా ఉన్నాడ్రా, నేను నోరు తెరిస్తే చాలు ఫోన్లో ఏదో టకటకా కొట్టుకుంటున్నాడు, ఎవరో అమ్మాయి ఉంది, నువ్వు కాస్త కనుక్కో" అంది. సరే పిన్నీ కనుక్కుంటా అని చెప్పి, వాడికి మెసేజ్ పెట్టా, ఇది కూడా రాసుకో, ఇదే నీ మొదటి వీడియో అని.